పదకొండు క్లాంపుల్లో మూలన పడ్డ ఆ రెండూ

ప్రశ్న: అన్నా, మాది కోదాడ దగ్గర పల్లెటూరు. 14 ఏళ్లుగా బోరు మోటార్లు దింపడం, పీకడం, బాగుచేయడం నా పని. రెండేళ్ల కింద, బోరు మూతి దగ్గర పైపును పట్టి ఉంచే బోల్టు క్లాంపు జారి నా దగ్గర పనిచేసే పిల్లాడి వేలు నలిగింది. అప్పటినుంచి ఆలోచించి, బోల్టు బిగించే పని లేకుండా పైపు బరువుకు అదే పట్టుకునే క్లాంపు ఒకటి చేసుకున్నాను. లారీ కమాన్ పట్టీ ముక్కలతో పళ్లు చేశాను, కాలితో తొక్కితే వదిలేస్తుంది. చూసినవాళ్లు అడిగితే 11 చేసి, ఒక్కోటి 3,500కు ఇచ్చాను. తొమ్మిది మంది బాగుందన్నారు. ఇద్దరు వాడటం లేదని విన్నాను, అడగలేదు. నేను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన వీడియో చూసి ఖమ్మంలో ఒక వెల్డరు అలాంటిదే చేస్తున్నాడట. జగ్గయ్యపేటలో మోటార్ల షాపు ఆయన 2,800 చొప్పున 100 కావాలంటున్నాడు, డబ్బులు అమ్మాక ఇస్తాడట. మా బావమరిది పని మానేసి పది లక్షల లోన్ తీసుకుని షెడ్డు వేద్దామంటున్నాడు. "నెలకు ఎంత మిగులుతుందో కాగితం మీద రాసి చూపించు" అని అడుగుతోంది మా ఇంటావిడ. పేటెంట్ తీసుకోవాలా? లోన్ తీసుకోవాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

సమాధానం:

తమ్ముడూ, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పేటెంట్, లోన్, షాపు ఆర్డరు, ఖమ్మం వెల్డరు, అన్నీ రాశావు. వీటన్నిటి మధ్య ఒక చిన్న వాక్యం ఉంది: "ఇద్దరు వాడటం లేదని విన్నాను, అడగలేదు." నీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన మాట అదే. మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబు ఆ ఇద్దరి దగ్గర మొదలవుతుంది. ఎందుకో చెప్తాను.

నేను 26 ఏళ్లు లేత్ షాపు నడిపాను. ట్రాక్టరు చక్రాల హబ్బు పీకడానికి ఒక పుల్లర్ చేసుకున్నాను. నా చేతిలో అది బంగారంలా పనిచేసేది. చూసిన ప్రతి మెకానిక్ కావాలన్నాడు. ఒక దుకాణదారుడు అప్పు మీద 60 అడిగితే ఎగిరి గంతేసి, ఇంట్లో ఉన్న డబ్బంతా ఇనుములో పెట్టి చేసిచ్చాను. ఎనిమిది నెలల తర్వాత 38 తిరిగొచ్చాయి. చాలావాటికి స్క్రూ మరలు కొరుక్కుపోయి ఉన్నాయి. కారణం తర్వాత అర్థమైంది. నేను పుల్లర్ బిగించేటప్పుడు మధ్యలో ఆపి, స్క్రూ తల మీద సుత్తితో ఒక దెబ్బ వేసేవాణ్ని. హబ్బు అప్పుడు కదిలేది. ఆ దెబ్బ వేస్తున్నానని నాకే తెలియదు, అంతగా చేతికి అలవాటైపోయింది. కొన్నవాళ్లకు ఆ సంగతి ఎవరు చెప్తారు? వాళ్లు పొడుగాటి పైపు తొడిగి స్క్రూనే బిగించారు. మరలు పోయాయి. ఆ అప్పు తీర్చడానికి నాకు రెండేళ్లు పట్టింది.

నీ క్లాంపులో కూడా అలాంటి "సుత్తి దెబ్బ" ఏదో ఒకటి ఉండే ఉంటుంది. పైపు పట్టేముందు నువ్వు పళ్లల్లో మట్టి తుడుస్తావేమో. వదిలే ముందు పైపును కొంచెం పైకి లేపుతావేమో. 14 ఏళ్ల చెయ్యి అది, దానంతట అదే చేసుకుపోతుంది. ఆ ఇద్దరి చేతులకు అది తెలియకపోవచ్చు. లేదంటే వాళ్ల బోర్లలో పైపులే వేరు కావచ్చు. ఇప్పుడు చాలా చోట్ల జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపుల బదులు ప్లాస్టిక్ కాలమ్ పైపులు దింపుతున్నారు. వాటిని పైపు చివర ఉండే కాలరు కింద పట్టుకోవాలి. నీ పళ్లు కాలమ్ పైపు ఒంటి మీద దిగితే గాటు పడుతుంది. ఆ గాటు దగ్గరే ఎప్పుడో ఒకరోజు విరిగి మోటారు బోర్లో పడుతుంది. జీఐలో కూడా పసుపు గీత పైపు పలచన, పళ్లకు నొక్కుకుపోవచ్చు. నీలం, ఎరుపు గీతల పైపులైతే తట్టుకుంటాయి కానీ వాటి మీదా జింకు పూత గీసుకుపోయిన చోట తుప్పు మొదలవుతుంది. కొత్త పైపుల మీద వరసగా గీతలు చూసిన రైతు మెకానిక్‌నే కదా నిలదీసేది? పోగొట్టుకునేది అతని పేరు, నీ పేరు కాదు. అందుకే చప్పుడు చేయకుండా నీ క్లాంపును మూలన పడేసి పాత బోల్టు క్లాంపే తీసి ఉంటాడు.

ఇప్పుడు నన్ను నిజంగా భయపెట్టిన విషయానికి వస్తాను. 300 అడుగుల లోతులో మోటారు ఉందనుకో. రెండంగుళాల నీలం గీత జీఐ పైపు ఒక్కోటి 30 కిలోల పైనే. అలాంటివి 15 అంటే 460 కిలోలు. ఎన్‌ఆర్‌వీ (నీళ్లు వెనక్కి పోకుండా ఆపే వాల్వు) బాగా పనిచేస్తుంటే పైపులో నీళ్లు దిగవు, మీటరుకు రెండు లీటర్ల పైచిలుకు చొప్పున దాదాపు 200 కిలోల నీళ్లు కూడా నువ్వే మోస్తున్నావు. మోటారు, పంపు కలిపి ఇంకో 40, 50. మొత్తం 700 కిలోలు నీ రెండు పళ్ల మీద వేలాడుతుంటాయి. చైన్ పుల్లీ ఒక్క కుదుపు కుదిపితే ఆ క్షణానికి ఇంకా ఎక్కువ. కేసింగ్ మూతి దగ్గర ఒక పిల్లాడి చేతులు ఉంటాయి.

ఇక ఆ పళ్లు కమాన్ పట్టీతో చేశానన్నావు. కమాన్ పట్టీ గట్టిది, అరగదు, నిజమే. కానీ దాని మీద మామూలుగా వెల్డింగ్ పెడితే అతుకు పక్కన ఉండే ఇనుము గాజులా పెళుసవుతుంది. పైకి ఏమీ కనిపించదు. వారం బాగుంటుంది, ఆరు నెలలు బాగుంటుంది, ఒక చలికాలం పొద్దున టక్కున విరుగుతుంది. నీ సొంత క్లాంపు అయితే పగులు వచ్చినప్పుడు నీ కంటికి ఆనుతుంది. 100 ముక్కలు వంద ఊళ్లకు పోయాక ఎవరు చూస్తారు? కాబట్టి పళ్లకు వెల్డింగే వద్దు. ఈఎన్‌8 రకం ఉక్కు గాని, ఇంకా గట్టిది కావాలంటే ఈఎన్‌24 గాని తీసుకుని, కోయించి, హీట్ ట్రీట్‌మెంట్ చేయించి, పిన్నుతోనో బోల్టుతోనో బిగించు. అరిగితే పళ్లు మాత్రమే మార్చుకోవచ్చు, ఆ పళ్లు అమ్మితే నీకూ మళ్లీ మళ్లీ నాలుగు రూపాయలు వస్తాయి. హైదరాబాద్ బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, కేంద్ర ప్రభుత్వ సంస్థ, 1968 నుంచి ఇలాంటి పనులే చేస్తోంది. ఏ ఇనుము వాడాలో, ఎంత గట్టితనం పెట్టాలో అక్కడ అడుగు. చేసిన క్లాంపును దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో లోడ్ మిషన్ మీద పెట్టించి లాగించు. 700 కిలోలు మోయాల్సినది కనీసం టన్నున్నర, రెండు టన్నులకు చెక్కుచెదరకుండా నిలబడాలి. ఆ తర్వాత ఇంకా లాగించి విరగ్గొట్టించు కూడా. ఎక్కడ విరుగుతుందో నీ కళ్లతో నువ్వు చూడాలి. కాలితో తొక్కితే వదిలేస్తుందన్నావు కదా, బరువు మీద ఉన్నప్పుడు పొరపాటున కాలు పడితే? అక్కడ ఒక లాకు పిన్ను పెట్టకుండా ఇంకొక్కటి కూడా ఎవరికీ ఇవ్వకు. ఇచ్చిన 11 క్లాంపులనూ వెనక్కి పిలిపించి ఆ పిన్ను నీ ఖర్చుతో వేసివ్వు. నలిగిన వేలు చూసి ఈ పనికి దిగినవాడివి, ఈ మాట నీకు ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మరదలు అడిగిన కాగితం తీద్దాం. ఇంట్లో అందరికంటే సరైన ప్రశ్న ఆమెదే. నువ్వు వేరే కాగితం మీద పంపిన లెక్క ప్రకారం ఇనుము 1,350, వెల్డింగ్ షాపుకు 600, బోల్టులు, స్ప్రింగు, పెయింటు 200. మొత్తం 2,150. 3,500కు అమ్ముతున్నావు, 1,350 లాభం అని రాశావు. ఒక్కోటి చేయడానికి రోజున్నర పడుతుందని కూడా నువ్వే రాశావు. పనికి పోతే రోజుకు వెయ్యి వస్తుందన్నావు. అంటే రోజున్నరకు 1,500. తమ్ముడూ, ఒక్కో క్లాంపు మీద నువ్వు 150 రూపాయలు పోగొట్టుకుంటున్నావు. ఇదే క్లాంపు 2,800కు ఇస్తే నష్టం 850. వందకు 85,000. చేయడానికి 150 రోజులు పడుతుంది, అంటే ఐదు నెలలు పని మానాలి. 2,15,000 సరుకులో చిక్కుకుపోతుంది, అది తిరిగొచ్చేది ఆయన అమ్మాక ఇస్తే, ఇచ్చినప్పుడే. జగ్గయ్యపేట ఆయన చెడ్డవాడని నేను అనడం లేదు. ఆయన వ్యాపారం ఆయనది. ఈ ఆర్డరు మాత్రం ఇప్పుడు తీసుకోవద్దు.

దీనర్థం వ్యాపారం కాదని కాదు. రోజున్నర పని అరరోజుకు దిగాలి, అంతే. అది ఎలా అంటే, ముందు ఒక డ్రాయింగ్ గీయించు. ప్లేట్లు గ్యాస్ కటింగ్‌తో ఒక్కోటి కోయకుండా, ఆ డ్రాయింగ్ పట్టుకెళ్లి లేజర్ కటింగ్ చేయించు. నీకు విజయవాడ ఆటోనగర్ దగ్గర, హైదరాబాద్ దూరం. రెండో పని, వెల్డింగ్‌కు జిగ్ ఒకటి చేసుకో. ప్లేట్లు అందులో పెట్టి బిగిస్తే ప్రతిసారీ అదే కొలతకు కూర్చోవాలి, టేపు పెట్టి కొలిచే పని ఉండకూడదు. ఒక మంచి జిగ్ చేయడానికి నీకు వారం పడుతుంది. ఆ వారం దండగ అనిపిస్తుంది, కాదు. అప్పుడు 2,150 ప్లస్ నీ అరరోజు 500, మొత్తం 2,650. లేజర్ కటింగ్‌తో ఈ లెక్క కొంత అటూఇటూ అవుతుంది, బిల్లు చూసి మళ్లీ రాసుకో. రేపు ఎవరైనా రిపేరుకు తెస్తే ఉచితంగా చేయడానికి ఒక్కోదాని మీద 150 పక్కన పెట్టు. షాపుకు 3,400 కంటే తక్కువకు ఇవ్వకు, అతను 4,200కు అమ్ముకుంటాడు. అంత ధర పలకదంటాడు. పలుకుతుంది, కానీ ఏం చెప్పి అమ్ముతున్నావన్నది ముఖ్యం. "గంట ఆదా" అని చెప్తే బేరం ఆడతారు. మెకానిక్‌కు గంట ఆదా అయితే ఏమొస్తుంది, ఇంకో టీ తాగుతాడు. "మీ దగ్గర పనిచేసే పిల్లల వేళ్లు పోవు" అని చెప్పు. ఈ పనిలో ఉన్న ప్రతివాడికీ వేలు నలిగిన మనిషి ఒకడు తెలుసు.

ఆలేరు చింతకింది మల్లేశం గారి సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఆసు పోసీ పోసీ (నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పీ తిప్పీ) తల్లి లక్ష్మి గారికి భుజాలు పడిపోతుంటే చూడలేక యంత్రం మొదలుపెట్టారు. ఒక చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. ఏళ్ల తరబడి ఒక్కో భాగం కుదుర్చుకుంటూ పోయి 1999లో పూర్తి చేశారు, అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. నేను ఆయన్ని తలుచుకున్నది పద్మశ్రీ కోసం కాదు. చేనేత ఇళ్లలో ఆ యంత్రం కొన్నవాళ్లందరికీ భుజం నొప్పి ఉంది. నీ క్లాంపు కూడా అలాంటి నొప్పి లోంచే పుట్టింది. దాన్ని వదిలి వేగం గురించి మాట్లాడితే ఖమ్మం వెల్డరు ఇంకో వంద తగ్గించి అమ్ముతాడు.

పేటెంట్ గురించి ఉన్నది ఉన్నట్టు చెప్తాను, బాధపడకు. మన దేశంలో దరఖాస్తు పెట్టకముందే వస్తువును నలుగురికీ చూపించినా, అమ్మినా అది ఇక "కొత్తది" కాదు. సొంతంగా మనమే చూపించుకున్నా అంతే. నువ్వు వీడియో పెట్టావు, 11 అమ్మావు. పైగా పైపు బరువుకు అదే బిగుసుకునే పద్ధతి పెట్రోలు బావులు తవ్వే రిగ్గుల్లో ఎప్పటినుంచో ఉంది. కాబట్టి ఇప్పుడున్న క్లాంపుకు పేటెంట్ మీద డబ్బు పెట్టొద్దు. ఖమ్మం వెల్డరుతో గొడవకూ పోవద్దు, చట్టం నీ వైపు లేదు.

కానీ ఇకముందు చేయబోయేది వేరు. కాలమ్ పైపుకు గాటు పడకుండా పట్టుకునే దవడ ఏదైనా నువ్వు కొత్తగా కనిపెడితే, దాన్ని స్టేటస్‌లో పెట్టకు, ఎవరికీ అమ్మకు. ముందు ప్రొవిజినల్ (తాత్కాలిక) పేటెంట్ దరఖాస్తు పెట్టు. నీలాంటి వ్యక్తికి ఆన్‌లైన్‌లో ప్రభుత్వ ఫీజు 1,600. ఆ తేదీ నీ పేరు మీద నిలబడుతుంది, పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల గడువు ఉంటుంది. ఆ ఏడాదిలో మెరుగుపెట్టుకోవచ్చు, నలుగురికీ ఇచ్చి చూడవచ్చు. తర్వాత పరీక్ష కోసం ఇంకో 4,000 ఫీజు, ఏజెంటు ఖర్చు వేరే. వచ్చిందంటే దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. ఏజెంటుకు డబ్బు పెట్టలేకపోతే గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ పెద్ద చదువులు లేని ఆవిష్కర్తలకు పేటెంట్ విషయంలో సాయం చేస్తుంది. మన దగ్గర పల్లె సృజన వాళ్లు ఊరూరా తిరిగి నీలాంటి వాళ్లనే వెతుకుతుంటారు, వాళ్లను కలువు. ఒక్క సంగతి గుర్తుంచుకో: పేటెంట్ వచ్చినా ఎవరైనా కాపీ కొడితే కోర్టుకు వెళ్లాల్సింది నువ్వే. అందుకని మొదటి ఏడాది నేనైతే ట్రేడ్‌మార్కుకే ఎక్కువ విలువ ఇస్తాను. 4,500 ఫీజు, పదేళ్లు ఉంటుంది. క్లాంపుకు ఒక పేరు పెట్టి, ఆ పేరు, మోసే బరువు, వరస నంబరు మూడూ ప్రతి ముక్క మీద పంచ్ కొట్టు. రేపు 43వ నంబరులో పళ్లు సరిగ్గా గట్టిపడలేదని తెలిస్తే, అది ఎవరి దగ్గరుందో నీ నోటుబుక్కులో ఉండాలి.

లోన్ సంగతి. పది లక్షలు వద్దు. షెడ్డు నీకు ఒక్క క్లాంపు కూడా అమ్మిపెట్టదు. జిగ్, లేజర్ ప్లేట్లు, ల్యాబ్ పరీక్ష, మొదటి 15 ముక్కలు, వీటికి ముద్రా శిశు లోన్ కింద 50,000 వరకు అడగవచ్చు. అంతకంటే ఇప్పుడు అక్కర్లేదు. పని మానొద్దు. వారానికి రెండు రోజులు క్లాంపులకు, మిగతావి మోటార్లకు. బోర్ల దగ్గర ఉంటేనే కదా నీకు కొత్త ఆలోచన వచ్చేది, కొనేవాడు దొరికేది కూడా అక్కడే. బావమరిది చెప్పే పెద్ద లోన్ సబ్సిడీతో పీఎంఈజీపీ లాంటి పథకం కింద అయితే ఒక మెలిక ఉంది. అది కొత్త యూనిట్లకే ఇస్తారు, ముందే నడుస్తున్న యూనిట్‌కు రాదు. రెండేళ్ల తర్వాత అటు వెళ్లాలనే ఆలోచన ఉంటే, ఉద్యం (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్ చేయించుకునే ముందే సూర్యాపేటలో జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి అడుగు. ఉద్యం పూర్తిగా ఉచితం, ఆధార్‌తో అయిపోతుంది. దానికి ఎవరు రెండు వేలు అడిగినా ఇవ్వకు.

జీఎస్టీ గురించి నువ్వు అడగలేదు, కానీ నీ ఊరు ఉన్నచోటే చిక్కుంది. సరుకు అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల అమ్మకం దాటితేనే రిజిస్ట్రేషన్. తెలంగాణలో ఆ హద్దు 20 లక్షలే. అదీ రాష్ట్రం లోపల అమ్మినంతవరకే. సరుకు రాష్ట్రం దాటించి అమ్మితే మొదటి ముక్క నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి. జగ్గయ్యపేట నీకు పక్క ఊరే, బండి మీద అరగంట. లెక్క ప్రకారం మాత్రం వేరే రాష్ట్రం. కాబట్టి మొదటి ఏడాది కోదాడ, హుజూర్‌నగర్, సూర్యాపేట, ఖమ్మం వైపే అమ్ముకో. సాగర్ కాలువ నీళ్లు అందని చివరి భూముల్లో బోర్లకేం కొదవ? ఖమ్మంలో వెల్డరు ఉన్నాడని వెనక్కి తగ్గకు. నీ దానికి లాకు పిన్ను ఉంటుంది, పరీక్ష కాగితం ఉంటుంది. అవతలి ఒడ్డుకు వెళ్లే రోజు వచ్చినప్పుడు ఒక అకౌంటెంట్‌ను పెట్టుకుని, పన్ను కలిపి ధర వేసుకుని వెళ్లు.

ఇదంతా ఒక్కరోజులో చేయాల్సిన పని కాదు. ఈ ఆదివారం ఒక్క పని చెయ్యి. వాడటం లేదన్న ఆ ఇద్దరిలో దగ్గర్లో ఉన్నాయనకు ఫోన్ చేసి, ఎప్పుడు బోరు పని ఉందో కనుక్కుని అక్కడికి వెళ్లు. ఎందుకు వాడటం లేదని నిలదీసినట్టు అడగొద్దు. అలా అడిగితే మొహమాటానికి "టైమ్ లేక" అంటాడు. "ఒక్కసారి నా ముందు పెట్టి చూపించన్నా, సరిచేసుకుంటాను" అను. ఆయన క్లాంపు పెడుతున్నప్పుడు నువ్వు రెండడుగులు వెనక్కి నిలబడు. పైపు వంకరగా కూర్చున్నా, ఆయన తప్పు వైపు నుంచి పెట్టినా, నోరు మెదపొద్దు, చెయ్యి వెయ్యొద్దు. ఒక్క పైపు పట్టి చూపిస్తే చాలు, కింద పాత బోల్టు క్లాంపు బిగించే ఉంచమను, మోటారుకు తాడు కట్టి ఉందో లేదో ముందే చూసుకో. ఆయన చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ తడబడిందో చూసి ఇంటికొచ్చాక రాసుకో. రెండో ఆయన దగ్గరా అంతే. ఆ రెండు కాగితాలూ నాకు పంపు. జిగ్ కొలతల గురించి అప్పుడు మాట్లాడుకుందాం.